పాట ఓడినవారికి వచ్చే ఉత్తరం: ఆన్‌లైన్ వేలాల చుట్టూ తిరిగే నకిలీ ఈమెయిళ్లు

2006లో టెక్సాస్‌లో ఎం.ఎస్. చదువుతున్న మా మేనల్లుడికి పాత కెమెరా లెన్సుల మీద మోజు ఉండేది. ఈబే అనే ఆన్‌లైన్ వేలాల సైటులో అమ్మకానికి వచ్చిన ఒక లెన్సుకు అతను 212 డాలర్ల దాకా పాడాడు. ఆఖరి నిమిషంలో ఎవరో ఐదు డాలర్లు పెంచి దాన్ని ఎగరేసుకుపోయారు. మరునాడు పొద్దున్నే ఈబే రంగురంగుల అక్షరాలతో ఒక ఈమెయిలు వచ్చింది. గెలిచిన వ్యక్తి డబ్బు కట్టలేదనీ, అందువల్ల రెండో పాటదారైన అతనికే అదే 212 డాలర్లకు లెన్సు ఇస్తున్నామనీ, అయితే ఇరవై నాలుగు గంటల్లోగా వెస్టర్న్ యూనియన్ అనే నగదు బదిలీ సంస్థ ద్వారా డబ్బు పంపాలనీ అందులో ఉంది. వస్తువు పేరు సరిగ్గానే ఉంది, దాని నంబరు సరిగ్గానే ఉంది, అతను పాడిన మొత్తం డాలరుతో సహా సరిపోయింది. డబ్బు పంపడానికి బయలుదేరబోతూ ఎందుకో మనసు ఒప్పక, ఈమెయిలు మూసేసి, ఈబే సైటును తానే తెరిచి తన ఖాతాలోని సందేశాల పెట్టెలో చూశాడు. అక్కడ అలాంటి కబురేమీ లేదు. సైటు లోపలి నుంచే అమ్మకందారుకు రాస్తే, గెలిచినవారు ఆ రాత్రే డబ్బు కట్టారనీ, లెన్సును పార్సిల్ కట్టేశాననీ జవాబు వచ్చింది.

ఆ ఈమెయిల్లో అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదు. నకిలీ ఉత్తరాలను గుర్తుపట్టడం గురించి మనకు చెప్పే సలహాల్లో ఎక్కువ భాగం ఉత్తరం ముఖం చూడమంటాయి: భాష తప్పులున్నాయా, లోగో మసకగా ఉందా, పేరు పెట్టి పిలిచారా అని. ఈ గుర్తులు కొన్నాళ్లు పనిచేసిన మాట నిజమే కానీ, ఇప్పుడు వాటిని నమ్ముకోవడం ప్రమాదమని నా అభిప్రాయం. మా మేనల్లుణ్ణి కాపాడింది ఉత్తరాన్ని పరీక్షించిన అతని చూపు కాదు, దాన్ని పక్కనబెట్టి సైటుకు తన దారిన తాను వెళ్లి చూసుకోవడం. ఆ తేడా ఎందుకు అంత ముఖ్యమో అర్థం కావాలంటే ఈమెయిలు అసలు ఎలా ప్రయాణిస్తుందో కొంచెం తెలుసుకోవాలి.

ఇన్‌లాండ్ లెటర్ వాడినవారికి గుర్తుండే ఉంటుంది, మడత వెనక పంపినవారి పేరు, చిరునామా రాయడానికి గీతలుండేవి. అక్కడ మనం ఎవరి పేరు రాసినా పోస్టాఫీసు అడిగేది కాదు, ఎందుకంటే వారి బాధ్యత ఉత్తరాన్ని చేర్చడమే తప్ప రాసిందెవరో తేల్చడం కాదు. ఈమెయిలు ప్రయాణానికి అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ పోస్టెల్ 1982లో రాసిన నియమావళి కూడా సరిగ్గా ఇదే స్వభావంతో తయారైంది. విశ్వవిద్యాలయాలు, పరిశోధన కేంద్రాల మధ్య ఒకరినొకరు ఎరిగినవారు వాడుకునే రోజుల్లో పుట్టిన ఆ ఏర్పాటులో, ‘ఫ్రమ్’ అన్నచోట కనిపించే చిరునామా పంపేవారు తమంతట తాము రాసుకునేదే. కాబట్టి ఈబే పేరుతో, ఈబే చిరునామాతో ఒక ఉత్తరం తయారుచేయడానికి ఈబే కంప్యూటర్లలోకి చొరబడాల్సిన అవసరమే లేదు. ‘ఈబే నుంచి వచ్చినట్టే కనిపించింది కదా’ అని మోసపోయినవారు బాధపడుతుంటారు. అలా కనిపించడం అనేది మొదటి నుంచీ చాలా చవకైన పని.

ఈ లోపాన్ని పూడ్చే ప్రయత్నాలు తరువాత జరిగాయి. ఎస్‌పీఎఫ్ అనే పద్ధతి ఒక సంస్థ పేరుతో ఏయే సర్వర్ల నుంచి ఉత్తరాలు రావచ్చో ముందే ప్రకటిస్తుంది. డీకిమ్ అనేది ప్రతి ఉత్తరానికీ ఒక డిజిటల్ ముద్ర వేస్తుంది. ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గని ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పేది 2012లో వెలువడిన డీమార్క్. ఈ విషయంలో వేలాల రంగమే ముందు నడిచింది, ఎందుకంటే అందరికంటే ముందు దెబ్బతిన్నదీ అదే: ఈబే, దాని చెల్లింపుల సంస్థ పేపాల్ పేర్లతో వస్తూ అసలు ముద్ర లేని ఉత్తరాలను పెట్టెలోకే రానివ్వబోమని 2008 జూలైలో జీమెయిల్ ప్రకటించింది. స్పామ్ ఫోల్డరులో కూడా అవి కనిపించవన్నమాట. అది నిజంగా గొప్ప అడుగు. అయితే దొంగలు ఆ తలుపు మూసుకుపోగానే పక్క తలుపు చూసుకున్నారు. ఈబే చిరునామాను దొంగిలించడం మాని, ఈబేను పోలిన మరో చిరునామాను డబ్బు కట్టి కొనుక్కుని, దానికి కూడా ఈ ముద్రలన్నీ సక్రమంగా వేయించుకోవడం మొదలుపెట్టారు. ముద్ర చెప్పేది ‘ఈ ఉత్తరం ఫలానా చిరునామా నుంచే వచ్చింది’ అని మాత్రమే. ఆ ఫలానావారు మంచివారా కాదా అన్నది దాని పరిధిలో లేదు. పైగా ఫోన్లో చాలా మెయిల్ యాప్‌లు చిరునామాను చూపించకుండా పేరు ఒక్కటే చూపిస్తాయి. ఆ పేరు ఏదైనా పెట్టుకోవచ్చు.

బ్యాంకుల పేరుతో, కొరియర్ల పేరుతో కూడా నకిలీ ఉత్తరాలు వస్తాయి కదా, వేలంపాటల వారినే వేరుగా చూడటం ఎందుకని అడగవచ్చు. 1995లో పియెర్ ఒమిడ్యార్ మొదలుపెట్టిన ఈబే వేలం, ముఖం ఎరగని ఇద్దరు మనుషుల మధ్య బేరం. ముందెన్నడూ చూడని మనిషి నుంచి ఉత్తరం రావడం అక్కడ అనుమానించాల్సిన విషయం కాదు, రోజువారీ వ్యవహారం. పాటకు గడువు ఉంటుంది కాబట్టి ‘ఇన్ని గంటల్లోగా’ అన్న తొందర కూడా సహజంగానే తోస్తుంది. అన్నిటికీ మించి, వేలం బహిరంగంగా జరుగుతుంది. ఆ రోజుల్లో ఎవరెవరు ఎంతెంత పాడారో వారి యూజర్ పేర్లతో సహా పేజీలో అందరికీ కనిపించేది. చాలామంది తమ యాహూ, హాట్‌మెయిల్ పేరునే ఈబేలోనూ పెట్టుకునేవారు. మా మేనల్లుడు పెట్టుకున్నదీ అదే. ఆ పేరు పక్కన ఈ రెండు సంస్థల చిరునామాలు తగిలించి రెండు ఉత్తరాలు పంపితే ఒకటి గురి తప్పకుండా చేరుతుంది. ఓడిన పాటదారుకు రెండో అవకాశం ఇచ్చే పద్ధతి ఈబేలో నిజంగానే ఉంది, అతను పాడిన ధరకే ఇవ్వడమూ నిజమే. దొంగ ఆ నిజమైన ఏర్పాటు వేషాన్నే వేసుకున్నాడు. తరువాత ఈబే పాటదారుల పేర్లను బయటివారికి కనబడకుండా రెండు అక్షరాలూ చుక్కగుర్తులుగా కుదించడానికి ఈ రకం మోసాలే పెద్ద కారణం.

వేలాల ఖాతాకు ఉన్న ఇంకో విలువ గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. పదేళ్లపాటు నిజాయితీగా అమ్మిన మనిషి ఖాతా పక్కన వందల మంది కొనుగోలుదారులు ఇచ్చిన మంచి ఫీడ్‌బ్యాక్ ఉంటుంది. ఆ పాస్‌వర్డు దొంగ చేతికి చిక్కితే అతనికి దొరికేది ఒక మనిషి సంపాదించుకున్న పరువు. దాని మీద లేని కారునో, లేని ల్యాప్‌టాప్‌నో వేలానికి పెడితే కొనేవారు ఆ ఫీడ్‌బ్యాక్ చూసి నమ్ముతారు. కాబట్టి ‘నా ఖాతాలో డబ్బేమీ లేదు, పోయేదేముంది’ అనుకోవడం సరికాదు.

ఈ ఉత్తరాల్లో చాలా రకాలున్నాయి. మీ ఖాతాను నిలిపివేస్తున్నామని బెదిరించేది అందరికీ తెలిసిందే కనుక దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టే రకం మరొకటి ఉంది. అది ఈబే నుంచి కాకుండా సాటి సభ్యుడి నుంచి వచ్చిన ప్రశ్నలా కనిపిస్తుంది. పైన ఈబే గుర్తు, కింద వస్తువు నంబరు, మధ్యలో రెండే వాక్యాలు: ‘డబ్బు పంపి పది రోజులైంది. ఇంతవరకూ వస్తువు రాలేదు, జవాబు కూడా లేదు. రేపటిలోగా చెప్పకపోతే ఈబేకూ పోలీసులకూ ఫిర్యాదు చేస్తాను.’ దాని కింద పసుపు రంగులో ‘జవాబివ్వండి’ అనే బటన్. ఆ వస్తువును మీరు అమ్మనే లేదు. అయినా మీ చెయ్యి ఆ బటన్ మీదకు వెళ్తుంది, ఎందుకంటే ఎవరో మిమ్మల్ని దొంగ అంటున్నారు, అది నేను కాదని వెంటనే చెప్పాలనిపిస్తుంది. బటన్ నొక్కితే ఈబే లాగిన్ పేజీ వస్తుంది, పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. అవి ఇచ్చాక చాలాసార్లు అసలు ఈబే పేజీకే తీసుకెళ్తుంది కాబట్టి ఏదో జరిగిందన్న అనుమానం కూడా రాదు. ఆశ చూపించే మోసానికి ఆశ లేనివారు లొంగరు కానీ, ఇక్కడ లొంగేది నిజాయితీపరులే. అందుకే దీన్ని అన్నిటికంటే నీచమైనదిగా నేను చూస్తాను.

అమ్మేవారికి వచ్చే ఇంకో రకం ఉత్తరం పేపాల్ పేరుతో ఉంటుంది. ఈబే 2002లో పేపాల్‌ను కొనడం, 2015లో రెండూ విడిపోయాక కూడా కొన్నేళ్లపాటు వేలాల చెల్లింపులు ఎక్కువగా దాని ద్వారానే జరగడం వల్ల ఆ పేరు మీద నమ్మకం బాగా నాటుకుపోయింది. కొనుగోలుదారు డబ్బు కట్టేశాడనీ, అయితే మీరు వస్తువును పార్సిల్ చేసి ట్రాకింగ్ నంబరు పంపిన తరువాతే ఆ సొమ్ము మీ ఖాతాలో కనిపిస్తుందనీ అందులో ఉంటుంది. ఇక్కడ పాస్‌వర్డు అడగరు, లింకు కూడా ఉండకపోవచ్చు, వస్తువునే కాజేస్తారు. డబ్బు వచ్చిందో లేదో ఖాతా తెరిచి చూసుకోవాలి తప్ప ఈమెయిలు చూసి పార్సిల్ కట్టకూడదు. ఈబేకు భారతదేశంలో ప్రత్యేకమైన సైటు 2018 ఆగస్టులోనే మూతపడినా, ఇక్కడి నుంచి విదేశాలకు అమ్ముతున్న చిన్న వ్యాపారులున్నారు. సముద్రం దాటిన పార్సిల్‌ను వెనక్కి రప్పించడం ఎంత కష్టమో వారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక లింకుల సంగతి. మన తెలుగువారి కంటికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉందని నాకు అనిపిస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. మొదటి మాట చూడగానే ఏ ఇంటివారో తెలిసిపోతుంది. వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర ఉంటుంది. ‘సైన్‌ఇన్ డాట్ ఈబే డాట్ కామ్’ అన్నప్పుడు ఇంటిపేరు ‘ఈబే డాట్ కామ్’, సైన్‌ఇన్ అనేది ఆ ఇంట్లో ఒక గది. అదే ‘సైన్‌ఇన్ డాట్ ఈబే డాట్ కామ్ డాట్ ఫలానా డాట్ నెట్’ అని ఉంటే ఇంటిపేరు ‘ఫలానా డాట్ నెట్’. ముందున్న ‘ఈబే డాట్ కామ్’ అంతా ఆ ఫలానావారు తమ ఇంట్లో ఒక గదికి పెట్టుకున్న పేరు మాత్రమే. కాబట్టి చిరునామాలో ‘హెచ్‌టీటీపీఎస్’ తరువాత వచ్చే మొదటి ఒంటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమకు వెనక్కి చదవాలి. ‘ఈబే’కి ముందో వెనకో చిన్న అడ్డగీతతో ‘సెక్యూరిటీ’ అనో ‘సపోర్ట్’ అనో అతికించి ఉంటే అది వేరే ఇంటిపేరే. చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తును కూడా తప్పుగా అర్థం చేసుకుంటున్నాం. మీకూ ఆ సైటుకూ మధ్య సాగే మాటలు మూడోవారికి వినపడవని మాత్రమే దాని అర్థం. అవతల కూర్చున్నది దొంగే అయితే ఆ తాళం మిమ్మల్నీ దొంగనూ ఒకే గదిలో పెట్టి వేసినట్టవుతుంది.

అసలు ఉత్తరమైతే మన పేరు పెట్టి పిలుస్తారన్న సూత్రం కూడా ఒకప్పుడు పనికొచ్చింది. 2014 మే నెలలో ఈబే ఒక చేదు వార్త ప్రకటించింది. కొందరు ఉద్యోగుల లాగిన్ వివరాలు దొంగిలించిన హ్యాకర్లు వినియోగదారుల సమాచారం ఉన్న డేటాబేసును చేరుకున్నారు. అందులో పేర్లు, ఈమెయిలు చిరునామాలు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు, పుట్టినతేదీలు, సంకేతాక్షరాల్లో ఉన్న పాస్‌వర్డులు ఉన్నాయి. అప్పట్లో ఉన్న పద్నాలుగున్నర కోట్ల మంది వినియోగదారులూ పాస్‌వర్డు మార్చుకోవాలని సంస్థ కోరింది. పాస్‌వర్డు మార్చుకోవచ్చు కానీ పుట్టినతేదీని మార్చుకోలేం కదా. ఇటువంటి చోరీలు ఎన్నో సంస్థల్లో జరిగాయి కాబట్టి, మన పేరూ ఊరూ సరిగ్గా రాసినంత మాత్రాన అది అసలు ఉత్తరమని నమ్మడానికి ఇక వీల్లేదు.

చిరునామాను సరిగ్గా చదవడం వచ్చినా సరిపోని సందర్భం కూడా ఒకటుంది. రొమేనియాకు చెందిన బేరాబ్ అనే ముఠా, ఈమెయిలుకు జతచేసిన ఫైళ్ల ద్వారా కంప్యూటర్లలోకి ఒక దొంగ ప్రోగ్రామును పంపేది. అది చొరబడిన కంప్యూటర్లో యజమాని ఈబే తెరిస్తే, అసలు పేజీ బదులు ముఠా తయారుచేసిన పేజీ ప్రత్యక్షమయ్యేది. అందులో కార్లు, మోటార్ సైకిళ్ల అమ్మకాలన్నీ బూటకం. 2016లో ముఠా సభ్యులను అమెరికాకు రప్పించారు. 2019లో ఒహాయోలోని కోర్టు ఇద్దరు ముఖ్యులకు ఇరవై, పద్దెనిమిదేళ్ల చొప్పున జైలుశిక్ష వేసింది. లింకు నొక్కకపోవడం ఎంత ముఖ్యమో, ఎరగనివారు పంపిన ‘ఇన్‌వాయిస్’, ‘వస్తువు ఫోటోలు’ వంటి ఫైళ్లు తెరవకపోవడం అంత ముఖ్యమని ఆ కేసు చెబుతుంది.

ఇంత తెలిసిన తరువాత చేయాల్సిన పని చిన్నదే. ఈబే పేరుతో ఏ ఉత్తరం వచ్చినా, అది అసలైనదని నూటికి నూరుపాళ్లు నమ్మకం ఉన్నా సరే, అందులోని లింకు నొక్కకుండా యాప్ ద్వారానో, మీరే చిరునామా టైపు చేసో ఖాతాలోకి వెళ్లి సందేశాల పెట్టె చూడండి. మీ ఖాతాకు సంబంధించిన ముఖ్యమైన కబురు అక్కడ కూడా ఉంటుంది. లేకపోతే ఆ ఉత్తరానికి విలువ లేదు. సైటు బయట డబ్బు పంపమన్నా, గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు చెప్పమన్నా ఇంక పరీక్షించేదేమీ లేదు. పాస్‌వర్డులను గుర్తుపెట్టుకుని తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవారికి అదనంగా ఒక కాపలాదారు దొరికినట్టే: అది పేజీ అందచందాలను చూడదు, ఇంటిపేరునే చూస్తుంది, అది కలవకపోతే పాస్‌వర్డు నింపదు. ఎప్పుడూ తానే నింపేది ఈసారి ఊరుకుందంటే మీరు చేత్తో టైపు చేయకండి. ఓటీపీతో రెండంచెల రక్షణ పెట్టుకోవడం అవసరమే కానీ, నకిలీ పేజీ ఆ ఓటీపీని కూడా అడిగి అదే క్షణంలో అసలు సైటులో వాడుకోగలదు. పాస్‌వర్డు బదులు మీ ఫోన్లోనో కంప్యూటర్లోనో ఉండే డిజిటల్ తాళంచెవి, అంటే పాస్‌కీ, పెట్టుకుంటే ఆ బెడద ఉండదు, ఎందుకంటే అది వేరే చిరునామా దగ్గర పనిచేయదు.

పొరపాటు జరిగిపోతే సిగ్గుపడి కూర్చోవడానికి వ్యవధి లేదు. ముందు మీ ఈమెయిలు ఖాతా పాస్‌వర్డు మార్చండి, ఎందుకంటే మిగతా అన్ని ఖాతాల పాస్‌వర్డులు మార్చే లింకులు వచ్చేది అక్కడికే. తరువాత ఈబేది, ఆ తరువాత అదే పాస్‌వర్డు వాడిన ఇతర ఖాతాలవి మార్చాలి. ఈబేలో మీ చిరునామా, డబ్బు జమయ్యే బ్యాంకు ఖాతా, మీరు పెట్టని అమ్మకాలు ఏమైనా ఉన్నాయా అన్నవి చూసుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: మెయిల్ సెట్టింగుల్లో దొంగ ఏదైనా ఫార్వర్డింగ్ నియమం పెట్టి ఉంటే, పాస్‌వర్డు మార్చిన తరువాత కూడా మీ ఉత్తరాల ప్రతులు అతనికి వెళ్తూనే ఉంటాయి. దాన్ని వెతికి తీసేయాలి.

కార్డు వివరాలో, డబ్బో పోతే భారతదేశంలో ఉన్నవారు ముందు బ్యాంకుకు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మరెక్కడో జరిగినప్పుడు, లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు తెలియజేసిన ఖాతాదారుపై నష్టం పడదు. కానీ వివరాలను మనమే చెప్పేసిన సందర్భంలో, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే, తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది. నకిలీ పేజీలో వివరాలు నింపడం ఈ రెండో కోవలోకే వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ప్రతి నిమిషానికీ విలువ ఉంది. కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసగించడం సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడే నేరం. పాత నాణేలు, నోట్లు అమ్మజూపేవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి: 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు, తన పేరూ గుర్తూ వాడుకుని పాత నాణేల అమ్మకాలపై కమిషన్, పన్ను అడుగుతున్న వారి గురించి ప్రజలను హెచ్చరించింది. అటువంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని స్పష్టం చేసింది.

మోసపోకుండా బయటపడినవారు కూడా ఆ ఉత్తరాన్ని చెరిపేసి ఊరుకోవద్దని నా మనవి. ఈబే పేరుతో వచ్చినదాన్ని ‘స్పూఫ్ ఎట్ ఈబే డాట్ కామ్’కి, పేపాల్ పేరుతో వచ్చినదాన్ని ‘ఫిషింగ్ ఎట్ పేపాల్ డాట్ కామ్’కి పంపవచ్చు. సబ్జెక్టు వాక్యం మార్చకుండా, వీలైతే అటాచ్‌మెంటుగా పంపితే మంచిది, ఎందుకంటే ఆ ఉత్తరం ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో తెలిపే హెడర్లు అప్పుడే చెక్కుచెదరకుండా వెళ్తాయి. దొంగ పేజీని ఎక్కడ మూయించాలో వాటిని బట్టే తేలుతుంది. మా మేనల్లుడు ఆ రోజు అలాగే పంపాడు. అదే వేలంలో అతనికంటే తక్కువ పాడి ఓడినవారు ఇంకా నలుగురు ఉన్నారు.